గోడ అచ్చులలో కాంక్రీటు పోత: సాగునీటి తొట్ల నిర్మాణంలో పార్శ్వ పీడనం, పోత వేగం, భద్రతా పద్ధతులు

సారాంశం

బిందు సేద్యానికి నీటిని నిల్వచేసే తొట్లు, చెక్‌డ్యాం రెక్కగోడలు, పాతరగడ్డి నిల్వ గోడలు మొదలైన కాంక్రీటు నిర్మాణాలను వ్యవసాయ క్షేత్రాలలో చిన్న బృందాలే చేపడుతున్నాయి. వీటిలో గోడ అచ్చు ఉబ్బడం, పగలడం అనేవి కాంక్రీటు నాణ్యతాలోపం వల్ల కాక, తాజా కాంక్రీటు కలిగించే పార్శ్వ పీడనాన్ని తక్కువగా అంచనా వేయడం వల్ల సంభవిస్తాయి. 2.4 మీటర్ల ఎత్తుగల తొట్టి గోడను ఉదాహరణగా తీసుకుని, పీడనం ఏ మేరకు ఉంటుందో, పోత వేగం దానిని ఎట్లా మారుస్తుందో, కార్మికుల రక్షణకు ఏయే జాగ్రత్తలు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది. అచ్చును పూర్తి ఎత్తు ద్రవ పీడనానికి తట్టుకునేట్లు కట్టడం, కాంక్రీటును చుట్టూ పలుచని పొరలుగా పోయడం అనే రెండు నియమాలూ కలిసి పాటించినపుడే పోత సురక్షితమవుతుందని ఇందులోని లెక్కలు చూపుతాయి.

ఉపోద్ఘాతం

నేల, నీటి సంరక్షణ పనులలో విస్తరణ శాస్త్రవేత్త సాధారణంగా స్థల నిర్ణయం, నిల్వ సామర్థ్యం, నీటి లభ్యత వంటి అంశాలపై సలహా ఇస్తాడు. నిర్మాణం మేస్త్రీ బాధ్యతగా మిగిలిపోతుంది. పట్టణ నిర్మాణాలలో అచ్చుల రూపకల్పనకు ఇంజనీరు ఉంటాడు. పొలంలో కట్టే తొట్టికి మాత్రం సెంట్రింగ్ పలకలు అద్దెకు వస్తాయి, సరుగుడు కర్రలు ఊతమవుతాయి, పలకలను బైండింగ్ వైరుతో బిగిస్తారు. తట్టలు మోసేవారు ముందురోజు వరకు నాట్లలోనో, కోతలలోనో పనిచేసిన వ్యవసాయ కూలీలు. ఆ పూట వారు నిలబడేది అనేక టన్నుల బరువును అదిమిపట్టిన అచ్చు ప్రక్కన అనే సంగతి వారికి ఎవరూ చెప్పరు. కాబట్టి పోతకు ముందు ఏమి తనిఖీ చేయాలో, ఏ ప్రశ్నలు అడగాలో విస్తరణ సిబ్బందికి తెలిసి ఉండడం అవసరం.

తాజా కాంక్రీటు ద్రవమే

గట్టిపడిన కాంక్రీటు తన బరువును తానే మోస్తుంది, ప్రక్కలకు తోయదు. తాజా కాంక్రీటు అట్లా కాదు. వైబ్రేటర్ తాకినంతసేపూ అది పూర్తి ద్రవంలా ప్రవర్తించి, లోతుతోపాటు పెరిగే పీడనాన్ని అచ్చు గోడలపై కలిగిస్తుంది. నీటి సాంద్రత ఘనమీటరుకు 1,000 కిలోలు కాగా, కాంక్రీటు సాంద్రత సుమారు 2,400 కిలోలు. అంటే ఒకే ఎత్తుకు నీరు కలిగించే పీడనం కంటె కాంక్రీటు కలిగించే పీడనం దాదాపు రెండున్నర రెట్లు.

పీడనం అడుగున అత్యధికంగా, పైన శూన్యంగా ఉంటుంది. చెరువు కట్టను అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా వేయడం వెనుక ఉన్న సూత్రమే ఇది. కట్ట విషయంలో తరతరాలుగా పాటిస్తున్న ఈ సూత్రాన్ని గోడ అచ్చు విషయంలో మాత్రం తరచుగా మరచిపోతారు. పైనుంచి కింది వరకు ఒకే దూరంలో కట్లు వేసిన అచ్చు అడుగున పగలడానికి కారణం ఇదే.

మరొక అపోహను ఇక్కడే తొలగించాలి. గోడ మందం తగ్గితే పీడనం తగ్గుతుందని కొందరు భావిస్తారు. ద్రవ పీడనం లోతుపై ఆధారపడుతుంది గాని వెడల్పుపై కాదు. 15 సెంటీమీటర్ల గోడకైనా, 30 సెంటీమీటర్ల గోడకైనా ఒకే ఎత్తులో ద్రవ పీడనం ఒక్కటే. పైగా సన్నని గోడ త్వరగా నిండుతుంది కాబట్టి దానిలో ప్రమాదం మరింత ఎక్కువ.

ఒక తొట్టి లెక్క

లోపలి కొలత 5 మీటర్లు × 5 మీటర్లు, గోడ ఎత్తు 2.4 మీటర్లు, మందం 20 సెంటీమీటర్లు గల తొట్టిని తీసుకుందాం. గోడ మధ్యరేఖ వెంట నాలుగు ప్రక్కల మొత్తం పొడవు 20.8 మీటర్లు. గోడలకు పట్టే కాంక్రీటు సుమారు 10 ఘనమీటర్లు.

అచ్చు మొత్తం ఒకేసారి నిండిందనుకుంటే అడుగున పీడనం చదరపు మీటరుకు 56.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 5.7 టన్నులు. గోడ పొడవులో ప్రతి మీటరుపై పడే మొత్తం తోపుడు 67.8 కిలోన్యూటన్లు, అంటే సుమారు 6.9 టన్నులు. 5 మీటర్ల పొడవుగల ఒక్క ప్రక్క అచ్చుపైనే దాదాపు 34 టన్నుల తోపుడు ఉంటుంది. ఈ బలం అడుగునుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున, అంటే మూడో వంతు ఎత్తులో కేంద్రీకృతమైనట్లు లెక్కించవచ్చు.

ఎత్తు సగానికి, అంటే 1.2 మీటర్లకు తగ్గితే తోపుడు మీటరుకు 1.7 టన్నులకు పడిపోతుంది. ఎత్తు సగమైతే తోపుడు నాలుగో వంతవుతుంది. గోడను రెండు విడతలుగా పోయడంలోని లాభం దీనివల్ల స్పష్టమవుతుంది. అయితే నీటి తొట్టిలో విడతల మధ్య ఏర్పడే అతుకు నీరు కారడానికి దారి కాగలదు కాబట్టి, అక్కడ వాటర్‌స్టాప్ పట్టీ అమర్చి, పాత తలాన్ని గరుకుచేసి, శుభ్రపరచి, తడిపిన తరువాతనే రెండో విడత పోయాలి.

పోత వేగం: యంత్రం కాదు, పంపిణీ ముఖ్యం

అడుగున పోసిన కాంక్రీటు గట్టిపడడం మొదలైతే, పైన ఎంత పోసినా అడుగు పీడనం అదే నిష్పత్తిలో పెరగదు. కాబట్టి గంటకు అచ్చులో కాంక్రీటు ఎన్ని మీటర్లు పైకి లేస్తున్నదనేది నిర్ణాయకమైన అంశం. దీనినే పోత వేగం అంటారు.

గంటకు 2.5 ఘనమీటర్ల కాంక్రీటు కలిపి అందించగల బృందం ఉన్నదనుకుందాం. తొట్టి చుట్టూ సమంగా పోస్తే గోడ గంటకు 60 సెంటీమీటర్ల చొప్పున లేస్తుంది. అదే బృందం, అదే మిక్సరు, నడక శ్రమ తగ్గుతుందని ఒకే ప్రక్కన పోస్తే గోడ గంటకు 2.4 మీటర్లు లేస్తుంది. గంటలో ఆ ప్రక్క అచ్చు నిండిపోతుంది. పనివారు గాని, యంత్రం గాని మారలేదు; పోత వేగం మాత్రం నాలుగింతలైంది. ఇక 6 ఘనమీటర్ల ట్రాన్సిట్ మిక్సరును పంపు ద్వారా పావుగంటలో ఖాళీ చేయిస్తే, చుట్టూ సమంగా పోసినప్పటికీ పోత వేగం గంటకు 5.8 మీటర్ల స్థాయికి చేరుతుంది. కాంక్రీటు గట్టిపడే అవకాశమే ఉండదు. పూర్తి ద్రవ పీడనం తప్పదు.

అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ అచ్చుల మార్గదర్శకంలోని సూత్రం ఈ సంబంధాన్ని అంకెలలో చూపుతుంది. పోత వేగం గంటకు 2.1 మీటర్లకు తక్కువ, పోత ఎత్తు 4.2 మీటర్లకు మించని గోడలకు, సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినపుడు, గరిష్ఠ పీడనాన్ని కిలోపాస్కళ్లలో ఇట్లా లెక్కిస్తారు: పోత వేగాన్ని 785తో గుణించి, కాంక్రీటు ఉష్ణోగ్రతకు 17.8 కలపగా వచ్చిన సంఖ్యతో భాగించి, ఫలితానికి 7.2 కలపాలి. ఉష్ణోగ్రత సెల్సియస్ డిగ్రీలలో ఉండాలి. వచ్చిన విలువ 30 కంటె తక్కువైతే 30గానే తీసుకోవాలి. పూర్తి ద్రవ పీడనానికి మించితే ద్రవ పీడనాన్నే తీసుకోవాలి.

గంటకు 2 మీటర్ల వేగంతో, 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద పోస్తే పీడనం 40 కిలోపాస్కళ్లు. అదే వేగంతో 15 డిగ్రీల వద్ద పోస్తే 55. చలికాలపు ఉదయం పోసిన కాంక్రీటు మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి అచ్చును ఎక్కువసేపు, ఎక్కువగా తోస్తుంది. ఫ్లై యాష్ కలిసిన పోజొలానా సిమెంటుకు ఈ విలువలను 1.2తో, గట్టిపడడాన్ని ఆలస్యం చేసే రసాయనం కూడా కలిపితే 1.4తో గుణించాలి. మన మార్కెట్లో విరివిగా లభించేది పోజొలానా సిమెంటే కాబట్టి ఈ గుణకాన్ని విస్మరించరాదు.

పొలంలో పోత వేగాన్ని ఖచ్చితంగా నియంత్రించడం కష్టం. అందువల్ల 3 మీటర్లలోపు గోడలకు అచ్చును పూర్తి ద్రవ పీడనానికే కట్టడం, ఆపైన పోతను నెమ్మదిగా సాగించడం వివేకవంతమైన పద్ధతి. మొదటిది అచ్చుకు బలం. రెండోది పొరపాటుకు ఇచ్చే గడువు.

అచ్చు నిర్మాణం, తనిఖీ

రెండు వైపులా అచ్చు ఉన్న గోడలో పీడనాన్ని ప్రధానంగా మోసేది ఎదురెదురు పలకలను కలిపే టై రాడ్లే. 60 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా, నిలువుగా అమర్చిన ఒక్కొక్క రాడ్‌పై, పైన చెప్పిన తొట్టి అడుగుభాగంలో పూర్తి ద్రవ పీడనం వద్ద పడే లాగుడు దాదాపు 20 కిలోన్యూటన్లు, అంటే 2 టన్నులు. 18 గేజి బైండింగ్ వైరు ఒక పోగు మోయగలిగేది 40 నుంచి 50 కిలోలు మాత్రమే. ఆ లెక్కన ఒక్క రాడ్‌కు బదులుగా నలభైకి పైగా పోగులు అవసరం. అన్ని పోగులూ సమంగా బిగిసి ఉండడం అసాధ్యం. కాబట్టి ఈ ఎత్తు గోడలకు మెలివేసిన తీగ కట్లను అనుమతించరాదు. అడుగున మూడో వంతు ఎత్తులో రాడ్ల దూరాన్ని 45 సెంటీమీటర్లకు తగ్గించడం మంచిది. నీటి తొట్టిలో గోడకు అడ్డంగా గొట్టం వదిలే రాడ్లకు బదులు, మధ్యలో నీటిని అడ్డుకునే బిళ్ల ఉన్న రాడ్లను వాడాలి.

పలకల మందం కూడా ముఖ్యమే. 30 సెంటీమీటర్ల దూరంలో నిలువు పట్టెలు ఉన్నపుడు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో కలిగే వంపు ప్రతిబలం కంటె 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో కలిగేది 2.25 రెట్లు. తడిసి, పొరలు విడిపోయిన పలకలను లెక్కలోకి తీసుకోరాదు.

చెక్‌డ్యాం రెక్కగోడలను గట్టుకు ఆనించి పోసేటపుడు ఒకే వైపు అచ్చు ఉంటుంది. అక్కడ టై రాడ్లకు అవకాశం లేదు. మొత్తం తోపుడు ఏటవాలు ఊతాలపై పడుతుంది. 2.4 మీటర్ల గోడకు, మీటరుకొక ఊతం 45 డిగ్రీల కోణంలో పెడితే ఒక్కొక్కదానిపై దాదాపు 9.8 టన్నుల నొక్కుడు ఉంటుంది. అంతేకాక ఆ ఊతం అచ్చును పైకి లేపడానికి ప్రయత్నిస్తుంది. మెత్తని మట్టిలో గుచ్చిన సరుగుడు కర్ర ఈ పని చేయలేదు. ఇటువంటి గోడలను తక్కువ ఎత్తు విడతలుగా పోయడం, ఊతాల కాళ్లను కాంక్రీటు దిమ్మెలకు ఆనించడం, అచ్చు అడుగును పునాదిలో ముందే పాతిన బోల్టులతో కట్టడం తప్పనిసరి.

పోతకు ముందు తనిఖీలో చూడవలసినవి: రాడ్ల నట్లన్నీ బిగించి ఉన్నాయా, మూలలు విడిగా కట్టి ఉన్నాయా, దారానికి వేలాడదీసిన గుండుతో అచ్చు నిలువుగా ఉన్నట్లు సరిచూశారా, ఊతాల కింద నేల తడిసి మెత్తబడిందా, అడుగున పలకకూ పునాదికీ మధ్య సందులు మూసి ఉన్నాయా. సందులగుండా సిమెంటు పాలు కారిపోతే అక్కడ కంకర మాత్రమే మిగిలి, గోడ అడుగున తేనెపట్టు వంటి గుల్ల ఏర్పడుతుంది.

పోసే పద్ధతి

పొర మందం 30 సెంటీమీటర్లు మించకుండా, తొట్టి చుట్టూ తిరుగుతూ పోయాలి. పైన చెప్పిన తొట్టిలో ఒక పొరకు 1.25 ఘనమీటర్లు పడతాయి. గంటకు 2.5 ఘనమీటర్లు అందించే బృందానికి ఒక చుట్టుకు అరగంట సరిపోతుంది. ఎనిమిది చుట్లకు గోడ పూర్తవుతుంది. మొత్తం నాలుగు గంటలు. ఈ వేగంలో అడుగు పీడనం అదుపులో ఉంటుంది. కింది పొర గట్టిపడక ముందే పై పొర వచ్చి చేరుతుంది కాబట్టి రెండింటి మధ్య కోల్డ్ జాయింట్ కూడా ఏర్పడదు. అచ్చు లోపలి ముఖంపై ప్రతి 30 సెంటీమీటర్లకు సుద్దతో గీత గీసి, ఒక్కొక్క గీత చేరిన సమయాన్ని రాసి ఉంచడం సులభమైన, నమ్మదగిన నియంత్రణ పద్ధతి.

భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు స్వేచ్ఛగా పడే ఎత్తు 1.5 మీటర్లకు మించరాదు. 2.4 మీటర్ల గోడకు అడుగు పొరలను పైనుంచి తట్టలతో గుమ్మరిస్తే కంకర, ఇసుక విడిపోతాయి. పడే దెబ్బకు రాడ్లు, ఊచలు కదులుతాయి. గరాటు తగిలించిన గొట్టాన్ని లోపలికి దించడం గాని, అచ్చు మధ్య ఎత్తులో చిన్న కిటికీలు వదిలి, కాంక్రీటు అక్కడికి చేరగానే బిగించడం గాని చేయాలి.

నీడిల్ వైబ్రేటర్‌ను నిలువుగా దించి, కింది పొరలోకి 10 నుంచి 15 సెంటీమీటర్లు చొప్పించి, మెల్లగా పైకి తీయాలి. అంతకు మించి లోతుకు దించితే గట్టిపడుతున్న కాంక్రీటు తిరిగి ద్రవమై, తగ్గిన పీడనం మళ్లీ పెరుగుతుంది. పై సూత్రం కూడా వైబ్రేటర్ లోతు 1.2 మీటర్లకు మించని సందర్భానికే వర్తిస్తుంది. అచ్చును బయటినుంచి సుత్తితో బాదడం, వైబ్రేటర్‌ను పలకకు ఆనించడం చేయరాదు.

వేసవి పోత

ఐఎస్ 7861 మొదటి భాగం ప్రకారం వేడి వాతావరణంలో పోసే సమయానికి కాంక్రీటు ఉష్ణోగ్రత 40 డిగ్రీలను మించరాదు. రాయలసీమ, తెలంగాణ జిల్లాలలో మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న కంకర, ఇసుకలతో కలిపిన కాంక్రీటు ఈ పరిమితిని సులభంగా దాటుతుంది. కంకరను నీడలో ఉంచి నీళ్లు చల్లడం, తెల్లవారుజామున పోత ప్రారంభించడం ప్రయోజనకరం.

కాంక్రీటు బిగుసుకుంటున్నదని మిక్సరు వద్ద, అచ్చు వద్ద అదనంగా నీళ్లు కలపడం రెండు విధాల నష్టం కలిగిస్తుంది. బలం తగ్గుతుంది; పలుచనైన మిశ్రమం అచ్చును ఎక్కువసేపు ద్రవంలా తోస్తుంది. ఉక్కు ఊచలున్న నీటి తొట్టి గోడకు ఎం30 స్థాయి కాంక్రీటు అవసరం. దానిలో నీటి పరిమాణం ముందే నిర్ణయించి, కొలిచి పోయవలసినదే.

పనివారి రక్షణ

పోత జరుగుతున్నంతసేపూ అచ్చు వెలుపల, దాని ఎత్తుకు సమానమైన దూరంలోపల, పర్యవేక్షకుడు తప్ప ఎవరూ ఉండరాదు. తవ్విన గుంటలో కట్టే తొట్టికి అచ్చుకూ మట్టి గట్టుకూ మధ్యనున్న ఇరుకు సందు అత్యంత ప్రమాదకరమైన స్థలం. పోత సమయంలో అక్కడ ఎవరినీ దింపరాదు. తవ్విన మట్టిని గుంట అంచునుంచి కనీసం ఒక మీటరు దూరంలో పోయాలి. బయటికి రావడానికి నిచ్చెన ఉండాలి.

తట్టలు మోసేవారు నడిచే మంచె అచ్చుపై ఆధారపడకుండా వేరుగా నిలబడాలి. దానికి నడుము ఎత్తున చేతిపట్టు కర్ర కట్టాలి. పైకి పొడుచుకువచ్చిన ఊచల చివరలకు తొడుగులు పెట్టాలి. పంపు వాడినపుడు రబ్బరు గొట్టం చివరను పట్టుకున్నవారు తప్ప ఇతరులు దగ్గర ఉండరాదు. గొట్టంలో అడ్డు తొలగినపుడు అది ఒక్కసారిగా విసిరికొడుతుంది.

బోరు మోటారు స్టార్టరు నుంచి అతుకుల వైరుతో వైబ్రేటర్‌కు కరెంటు ఇవ్వడం పొలాలలో తరచుగా కనిపిస్తుంది. తడి నేల, తడి చేతులు, ఇనుప ఊచలు ఉన్నచోట ఇది ప్రాణాంతకం. 30 మిల్లీఆంపియర్ల వద్ద సరఫరాను తెగగొట్టే లీకేజి బ్రేకరు లేకుండా విద్యుత్ వైబ్రేటర్‌ను నడపరాదు.

తాజా కాంక్రీటు తీవ్రమైన క్షారం. దాని పీహెచ్ 12కు పైగా ఉంటుంది. నొప్పి వెంటనే తెలియదు కాబట్టి తడిసిన బట్టలతో, చెప్పులు లేని కాళ్లతో గంటల తరబడి పనిచేసినవారికి సాయంత్రానికి చర్మం కాలి పుండ్లు పడతాయి. గమ్‌బూట్లు, రబ్బరు చేతొడుగులు, కంటి అద్దాలు, కడుక్కోవడానికి శుభ్రమైన నీరు పని మొదలు కాకముందే సిద్ధంగా ఉండాలి. కంట్లో పడితే ధారగా నీటితో కనీసం పావుగంట కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

అచ్చు ఉబ్బినపుడు

అచ్చు పగలడానికి ముందు కొన్ని సూచనలు ఇస్తుంది: పలకల అతుకు తెరుచుకుంటుంది, సిమెంటు పాలు చిమ్ముతాయి, కర్ర చిటపటమంటుంది, గుండుదారం పలకకు దగ్గరవుతుంది. వీటిని గమనించడానికి ఒక అనుభవజ్ఞుణ్ణి ప్రత్యేకంగా నియమించాలి. అతనికి కాంక్రీటు పోసే పని అప్పగించరాదు. పోతను ఆపించే అధికారం మాత్రం అతనిదే కావాలి.

ఉబ్బు కనిపించిన క్షణంలో పోతను, వైబ్రేటర్‌ను ఆపి, అందరినీ దూరంగా పంపాలి. సాధారణంగా జరిగే పొరపాటు ఏమంటే, ఒకరిద్దరు పరుగున వెళ్లి ఉబ్బిన చోట కర్ర ఆనించి, సుత్తితో చీలలు బిగిస్తారు. నిండిన అచ్చును కొట్టే ప్రతి దెబ్బ కాంక్రీటును మరింత ద్రవంగా మారుస్తుంది. అచ్చు ఆ క్షణంలో తెగితే టన్నుల బరువు వారిపైనే పడుతుంది. కాంక్రీటు బిగుసుకునే వరకు వేచి ఉండి, తరువాతనే ఊతాలను బలపరచాలి. కోల్డ్ జాయింట్ ఏర్పడితే దానిని బాగుచేసుకోవచ్చు.

అచ్చు తీయడం, తరువాతి భారం

ఐఎస్ 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గనపుడు, గోడల నిలువు అచ్చును 16 నుంచి 24 గంటల తరువాత తీయవచ్చు. పోజొలానా సిమెంటుకు, చలి రోజులకు ఈ వ్యవధిని పెంచాలి. అచ్చు తీయగలిగినంత మాత్రాన గోడ భారం మోయగలదని అర్థం కాదు.

1978 ఏప్రిల్ 27న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, విల్లో ఐలండ్ విద్యుత్ కేంద్రపు కూలింగ్ టవర్ నిర్మాణంలో, ముందురోజు పోసిన కాంక్రీటుకు బిగించిన మంచె కూలి 51 మంది మరణించారు. తగినంత బలం రాని కాంక్రీటుపై నిర్మాణ భారం వేయడమే కారణమని దర్యాప్తు తేల్చింది. 2016 నవంబరు 24న చైనాలోని ఫెంగ్‌చెంగ్ విద్యుత్ కేంద్రంలో, కాంక్రీటు బలపడక ముందే అచ్చు తీయడం వల్ల ఇటువంటి ప్రమాదమే జరిగి 73 మంది చనిపోయారు. ఆ టవర్లకూ పొలం తొట్టికీ పరిమాణంలో పోలిక లేదు. పచ్చి కాంక్రీటు స్వభావం మాత్రం రెండుచోట్లా ఒక్కటే. పొలంలో ఈ పొరపాటు మరో రూపంలో కనిపిస్తుంది: అచ్చు తీసిన మరునాడే గోడ వెనుక ట్రాక్టరుతో మట్టి నింపడం, తొట్టిలో నీరు పెట్టడం. క్యూరింగ్ పూర్తయి, గోడ రూపకల్పన బలానికి చేరేవరకు ఈ రెండూ చేయరాదు. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, పోజొలానా సిమెంటుకు లేదా వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు, గోడను గోనె పట్టాలతో కప్పి నిరంతరం తడిగా ఉంచాలి.

ముగింపు

గోడ అచ్చు నిజానికి కొన్ని గంటలపాటు నిలిచే ఆనకట్ట. అది నిలువరించేది నీటికంటె రెండున్నర రెట్లు బరువైన ద్రవాన్ని. ఈ దృష్టితో చూస్తే పోతకు ముందు విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన ప్రశ్నలు నాలుగు: అచ్చును ఎంత ఎత్తు ద్రవానికి కట్టారు? గంటకు గోడ ఎంత లేస్తుంది? అచ్చును కనిపెట్టి చూసేది ఎవరు? అది తెగితే ఎవరిపై పడుతుంది? వీటిలో ఏ ఒక్కదానికి సమాధానం లేకపోయినా ఆ రోజు పోతను వాయిదా వేయించడమే సరైన సలహా. కలిపిన కాంక్రీటు వృథా అయితే కొన్ని బస్తాల సిమెంటు నష్టం. అచ్చు పగిలితే ఆ నష్టం తట్ట మోసిన కూలీ కుటుంబానిది.